కంపెనీ పంచ్

చిలకలూరిపేటలో ఒక ఓనరుకు ఒకటే లారీ. టాటా 1613, 2003 మోడలు, ఏపీ 07 నంబరు. పత్తి తీసే నెలల్లో జిన్నింగు మిల్లులకు పత్తి తోలేది. మిరపకాయలు కళ్ళాల మీదికి రాగానే అద్దంకి, మార్టూరు పల్లెల నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు వేసేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పేట గుంటూరు జిల్లా నుంచి పల్నాడుకు పోయింది. మార్టూరు ప్రకాశం నుంచి బాపట్లకు పోయింది. లారీ మాత్రం పాత రోడ్డు మీదే తిరిగింది.

ఆ సంవత్సరం చివరికల్లా లారీ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. డ్రైవరు చెప్పాడు. ఓనరు నమ్మలేదు. లారీ ఆయిల్ తాగదు, డ్రైవరు తాగుతాడు అన్నది ఆయన సిద్ధాంతం.

భోగి నాడు పొద్దున్నే ఆయన హెక్సా బ్లేడు పట్టుకుని లారీ దగ్గరికి వచ్చాడు. సంపు నిండా ఆయిల్ పోయించాడు. ఆయిల్ పుల్ల బయటికి లాగి, పంచె కొంగుతో తుడిచి, ముంచి తీసి, ఆయిల్ ఎక్కడిదాకా అంటిందో సరిగ్గా అక్కడ గాటు పెట్టాడు. కంపెనీ గీతలు రెండు పుల్ల మీద ఉన్నాయి. వాటిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

అప్పటి నుంచి పొద్దున్నే అదొక తంతు. డ్రైవరు పుల్ల తీసి, తుడిచి, ముంచి, మళ్ళీ తీసి చూపించాలి. గాటుకు ఎంత తగ్గితే అంత ఆయిల్ ఖరీదు బత్తాలో కోత.

"మూత తీస్తే పొగ గుప్పుమంటోంది ఓనరుగారూ, బోరుకొచ్చింది" అని డ్రైవరు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ కోత పడింది. మూడోసారి చెప్పలేదు.

మార్చిలో లారీయే చెప్పింది. అది తేజ రకం క్వింటాలు 20,000 దాటిన సీజను. యార్డులో రోజుకు లక్ష టిక్కీల పైన దిగుతున్నాయి. ఎడ్లపాడు దగ్గర లోడు మీద లాగలేక ఆగింది, లాగింది, మళ్ళీ ఆగింది. వెనక వచ్చే బస్సులకు దారి కనపడలేదు, అంత పొగ. యార్డు చేరేసరికి టెండర్ల వేళ దాటింది. ఆ రోజు అమ్ముకోలేకపోయిన రైతులు కిరాయిలో కోసుకున్నారు. తన జేబుకు కోత పడ్డాక ఓనరుకు ఇంజన్ బోరుకొచ్చిందని నమ్మకం కుదిరింది.

లారీని ఊరి బయట ఒక షెడ్డుకు తోలించాడు. మేస్త్రీ ఇంజన్ స్టార్టు చేయించి, మూత తీసి, చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. చేతికి అంటిన ఆయిల్‌ను గుడ్డకు తుడుచుకున్నాడు.

"697 బాబాయ్ ఇది. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. టాటా వాళ్ళు బెంజి వాళ్ళతో కలిసి ఉన్న రోజుల నుంచీ వస్తున్న పోలిక. చంపినా చావదు. బోరు కొట్టి, లైనర్లు, పిస్టన్లు, రింగులు వేసి, క్రాంకు గ్రైండింగు చేయించి, మెటళ్ళు మార్చి, నాజిళ్ళు, పంపు చూపిస్తే ఇంకో పదేళ్ళు తిరుగుద్ది."

"ఎంత?"

"లక్షా ఇరవై."

ఓనరు మాట్లాడలేదు. మేస్త్రీ కాసేపు ఆగి, షెడ్డు మూల ఉన్న టార్పాలిన్ ఎత్తాడు. కింద ఇంకో 697 ఉంది. బోల్తా కొట్టిన బండిలోదన్నాడు. లక్ష కిలోమీటర్లు కూడా తిరగలేదన్నాడు.

"పైన ఎనభై వేలియ్యి. మీ ఇంజన్ నాకు, ఇది మీకు. సెల్ఫు, డైనమో, గేరుబాక్సు మీవి మీకే. మిగతాది హెడ్డు నుంచి సంపు దాకా, ఆయిల్ పుల్లతో సహా, మీది నాది."

ఓనరు ఆ ఇంజన్ చుట్టూ తిరిగాడు. చేత్తో తట్టాడు. ఫ్యాను తిప్పి చూశాడు. డెబ్భైకి తెగింది.

అప్పుడు నంబరు గుర్తొచ్చింది.

ఇంజన్ నంబరు ఆర్.సి.లో ఉంటుంది. ఇంజన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి తెచ్చుకోవాలి. మార్చాక పద్నాలుగు రోజుల్లోగా చెప్పి ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. తెచ్చిన ఇంజన్‌కు బిల్లుండాలి. పదికి తగ్గకుండా బళ్ళున్న యజమానులకు, రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే, అదే కంపెనీ అదే రకం ఇంజన్‌ను ఆ అనుమతితో పని లేకుండా వేసుకునే వెసులుబాటు అదే సెక్షనులో ఉంది. ఒక్క లారీ ఉన్నవాడికి లేదు. చెప్పకుండా మారిస్తే 2019 సవరణ తరవాత ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

"బిల్లు రాయనా?" అన్నాడు మేస్త్రీ.

"బిల్లు రాస్తే జీఎస్టీ ఎవడు కట్టాలి?" అన్నాడు ఓనరు. ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక కూడా తనకు లేదన్నాడు. "నా పాత నంబరే దాని మీద పంచ్ కొట్టు."

మేస్త్రీ రెండు చెవులూ పట్టుకున్నాడు. "అది దొంగబళ్ళ వాళ్ళు చేసే పని బాబాయ్. మా నాన్న కూడా ముట్టుకోలేదు."

"ఎంత?"

"పదివేలు. చేసేవాడు వేరే ఉన్నాడు, రాత్రిపూట వస్తాడు."

దానికి బేరం ఆడలేదు. ఓనరు బేరం ఆడకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

మేస్త్రీ ఇంకో మాట అన్నాడు. రేపు ఎవరైనా అడిగితే ఇద్దరికీ ఇబ్బంది లేకుండా తన దగ్గర ఒక కాయితం ఉండాలన్నాడు. ఓనరే తెల్ల కాయితం మీద తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. బండికి ఉన్న ఇంజన్‌నే ఓవర్‌హాలింగ్ చేయించుకున్నాననీ, ఇంజన్ మార్చలేదనీ, నంబరు ముట్టుకోలేదనీ. మేస్త్రీ దాన్ని చదివి, మడిచి, గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు.

డ్రైవరు పక్కనే ఉన్నాడు. పని అయ్యేదాకా షెడ్డు దగ్గరే పడుకుంటానన్నాడు. ఇంజన్ దింపేటప్పుడూ ఎక్కించేటప్పుడూ మన మనిషి ఒకడు ఉండడం మంచిదన్నాడు.

"ఉంటే బత్తా ఎవడిస్తాడు?" అని ఓనరు అతన్ని ఇంటికి పంపించేశాడు.

వారానికి లారీ వచ్చింది. ఇంజన్‌కు వెండిరంగు వేసి ఉంది. స్టార్టు చేస్తే పొగ లేదు. ఓనరు సెల్ఫు, డైనమో తనవే అవునో కాదో చూసుకున్నాడు. అవి తనవే. మిగతా డబ్బు ఇచ్చేశాడు.

నెల తిరక్కుండానే ఎఫ్.సి. గడువు వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన పెద్ద లారీకి 2022 ఏప్రిల్ నుంచి ఎఫ్.సి. ఫీజే 12,500గా ఉండేది. అది కట్టి, నిమ్మకాయ కట్టి, లారీని పెట్టారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు, చాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీసుకున్నాడు. పోబోతూ ఆగాడు.

"ఇంజన్ కొత్త రంగు మీద ఉందే?"

"ఓవర్‌హాలింగ్ చేయించామండి" అన్నాడు ఓనరు.

ఇన్‌స్పెక్టరు టార్చి తెప్పించాడు. తాళంచెవితో నంబరున్న చోట రంగు గీకాడు. గుడ్డను డీజిల్‌లో ముంచి తుడిచాడు. ఎమరీ కాయితంతో అటూ ఇటూ రుద్ది, కళ్ళజోడు పైకి తోసి, మొహం బ్లాకుకు ఆనించినంత పని చేశాడు. ఆర్.సి.లో అంకెలు ఒక్కొక్కటే చదువుతూ వేలితో తడిమాడు. ఓనరు చొక్కా వీపుకు అంటుకుపోయింది. జేబులో ఐదువందల నోట్లు విడిగా మడిచి పెట్టుకొచ్చాడు. వాటి మీద చెయ్యి వేశాడు.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు.

"కంపెనీ పంచే. గ్రైండింగు పడలేదు. రంగు కింద అంకెల్లో పాత తుప్పు అలాగే ఉంది. ఈ రోజుల్లో ఇరవయ్యేళ్ళ బండికి సొంత ఇంజన్ ఉండటమే గొప్ప" అని సంతకం పెట్టాడు.

ఓనరు జేబులోంచి చెయ్యి తీసేశాడు. గేటు దాటగానే మేస్త్రీకి ఫోను చేశాడు.

"ఏం పనివాడయ్యా వాడు! ఇన్‌స్పెక్టరే కంపెనీ పంచ్ అన్నాడు. అంకెల్లో తుప్పు కూడా పట్టించాడంట!"

"పనితనం బాబాయ్" అన్నాడు మేస్త్రీ.

ఓనరు ఆ సాయంత్రం జేబులో మిగిలిన నోట్లలోంచి రెండు తీసి, పంచ్ కొట్టినవాడికి ఇమ్మని మేస్త్రీకి పంపించాడు. పేటలో టీకొట్టు దగ్గర ఇద్దరు లారీ ఓనర్లకు ఆ షెడ్డు పేరు చెవిలో చెప్పాడు.

ఇంజన్ కొత్తదయ్యాక పొద్దుటి తంతు మానేశాడు. మే నెల సగం గడిచింది. యార్డుకు వేసవి సెలవులిచ్చారు. లారీ కోల్డ్ స్టోరేజీలకు సరుకు తోలుతోంది. ఒకరోజు పెట్రోలు బంకు వాడి చీటీల్లో ఇంజన్ ఆయిల్ కనపడింది. ముందు వారం చీటీల్లోనూ ఉంది. ఓనరు వాటిని విడిగా తీసి పెట్టుకున్నాడు.

పొద్దున్నే లారీ దగ్గరికి వచ్చాడు. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు.

"ఇంతకాలం ఇంజన్ పాతదన్నావు, విన్నాను. ఇప్పుడు డెబ్భై వేలు పోసి వేరే ఇంజన్ వేయించానా? ఇప్పుడెవరు తాగుతున్నారు ఆయిలు?"

డ్రైవరు మాట్లాడలేదు.

"ఈ నెల జీతంలో పట్టుకుంటున్నా. ఒప్పుకుంటే బండెక్కు, లేదంటే తాళాలిచ్చి పో."

డ్రైవరు గుడ్డ భుజాన వేసుకున్నాడు. క్యాబిన్‌లో ఇంజన్ మూత ఎత్తాడు. పుల్ల బయటికి లాగి, తుడిచి, ముంచి, మళ్ళీ తీసి, అడ్డంగా పట్టుకుని ఓనరు ముందుకు తెచ్చాడు.

"గాటుకు రెండు వేళ్ళు కిందుంది."

"ఏ గాటు?"

"భోగి నాడు మీరు హెక్సా బ్లేడుతో పెట్టిందే ఓనరుగారూ."