మదురై అడుగున ఉంది, మనకింకేం!

కోయంబత్తూరు పీలమేడులో మా మామ పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. "అల్లుడూ, 2025 జులైలో స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులిచ్చారు చూశావా? పది లక్షల జనాభా దాటిన 40 నగరాల్లో మదురైది 40! కోయంబత్తూరు పైనే!" ఎంత పైనో అడగనివ్వలేదు. మదురైలో వియ్యంకుడున్నాడు, ఫోన్ చేసి పరామర్శించాలట.

ఇండోర్ వరుసగా ఏడుసార్లు ఒకటో ర్యాంకు కొట్టేసరికి దాన్ని 'సూపర్ స్వచ్ఛ లీగ్' అని వేరే పంక్తిలో కూర్చోబెట్టారు. ఫస్టొచ్చే పిల్లాణ్ణి పక్క గదికి పంపితే మిగతావాళ్లకు ఊపిరాడుతుంది గదా!

మన నొయ్యల్ నదికి మాత్రం ఏ ర్యాంకివ్వాలో? పంటలకని 1992లో దాని మీద ఒరత్తుపాళయం ఆనకట్ట కట్టారు. తిరుప్పూరు అద్దకం నీళ్లు వచ్చి చేరాయి. చుక్క నీటికి కొట్టుకునే దేశంలో, ఈ నీళ్లు మాకొద్దు మహాప్రభో అని రైతులు కోర్టుకెక్కారు. గడువు మీద గడువు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లు మూయమంటే గానీ కదలిక లేదు. కాలుష్య నియంత్రణ మండలి ఉన్నది నియంత్రించడానికేనని జడ్జీలు గుర్తు చేయాలి మరి.

2024 ఏప్రిల్‌లో మన ఊరి వెల్లలూరు చెత్తదిబ్బ అంటుకుని రోజుల తరబడి పొగ కక్కింది. ఆ మాటెత్తితే మామ వినిపించుకోలేదు. తిన్న అరటితొక్క, ఖాళీ పాలకవర్, పాడైన బ్యాటరీ ఒకే సంచిలో కుక్కి ముడేశాడు.

"తడి, పొడి వేరుచేయాలి మామా!"

"బండివాడు చూసుకుంటాడులే. ముందు మదురైకి ఫోన్ కలుపు."