వచ్చిందా, వచ్చాడా?

2014 మే 15, గురువారం. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ల వాళ్ళకి ఆ సాయంత్రం కాలు ఒకచోట నిలవలేదు. ఇండియాలో తెల్లవారితే ఓట్ల లెక్కింపు. అక్కడ పొద్దున ఎనిమిదంటే మాకు రాత్రి తొమ్మిదిన్నర. ఈలోగా ఏడింటికి గాడ్జిల్లా. సినిమా నిడివి 123 నిమిషాలు. మా బావ కరెంటు బిల్లు వెనకాల లెక్క వేశాడు. ముందు ట్రైలర్లకి పావుగంట, తొమ్మిదీ ఇరవైకి హాలు బయట, పోస్టల్ బ్యాలెట్లు విప్పేసరికి సోఫాలో. ఇంజినీరింగ్ చదివాక ఆయనకి నిజంగా పనికొచ్చిన లెక్క అదొక్కటే అని మా అక్క ఇప్పటికీ అంటుంది.

వెళ్ళింది అయిదుగురం. అక్క, బావ, నేను, పై ఫ్లాట్ కరీంనగర్ అన్న, ఎదురు ఫ్లాట్ నెల్లూరు తమ్ముడు. రాష్ట్రం ఇంకో రెండున్నర వారాల్లో రెండు కాబోతోంది. అన్నా, తమ్ముడూ అప్పటికి నాలుగైదేళ్ళుగా ఒక్క విషయంలో కూడా ఏకాభిప్రాయానికి రాలేదు. చట్నీలో పల్లీలుండాలా కొబ్బరుండాలా అన్నదానిక్కూడా చరిత్ర తవ్వేవారు. గాడ్జిల్లా దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే వరసలో, పక్కపక్క సీట్లలో కూర్చున్నారు.

అన్నది పాత భక్తి. 1954 నాటి నలుపు తెలుపు జపాన్ సినిమా మొదలుకుని డీవీడీలు పేర్చి పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లో దేవుడి అరకి కింది అరలో నాలుగు రబ్బరు గాడ్జిల్లాలు ఉండేవి. సాంబ్రాణి పొగ వాటిక్కూడా తగిలేది. తమ్ముడిది కొత్త మోజు, అదీ ట్రైలర్ మీద. సైనికులు కాళ్ళకి ఎర్రటి పొగ కట్టుకుని మబ్బుల్లోంచి దూకుతుంటారు, వెనకాల వెన్ను జలదరించే కోరస్, దుమ్ములో ఏదో కదలిక. ఆ రెండు నిమిషాల ముక్క చూసినవాడికి సినిమా మీద ఆశ పుట్టడం కాదు, సినిమా తనకి బాకీ పడ్డట్టు అనిపించేది. పైగా అందులో బ్రయన్ క్రాన్‌స్టన్ కళ్ళనీళ్ళతో అరుస్తుంటాడు. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ముగిసి అప్పటికి ఎనిమిది నెలలు కూడా కాలేదు. తమ్ముడు ఆ దుఃఖంలోంచి ఇంకా తేరుకోలేదు.

అన్నకి ఒక పాత గాయం ఉంది. 1998లో రోలండ్ ఎమెరిక్ తీసిన అమెరికా గాడ్జిల్లా. చేపలు తింటుంది, సైన్యాన్ని చూసి పరుగెత్తుతుంది, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గుడ్లు పెడుతుంది, చివరికి బ్రూక్లిన్ వంతెన తీగల్లో చిక్కుకుని క్షిపణులకి చస్తుంది. తర్వాత జపాన్‌లో అసలు హక్కుదారు తోహో సంస్థ ఆ జంతువుకి ‘జిల్లా’ అని మాత్రమే పేరు ఉంచింది. 2004లో తీసిన ‘ఫైనల్ వార్స్’లో తమ గాడ్జిల్లా చేత దాన్ని సిడ్నీలో కొన్ని సెకన్లలో చావగొట్టించింది. ఈ ముక్క అన్న పెళ్ళి పంచాయితీ చెప్పినట్టు చెప్పేవాడు. “పేర్లకెల్లి గాడ్‌ను పీకేసిన్రు తమ్మీ! గంతకన్న అవమానం ఉంటదా?”

ఇక్కడ మన భాషకి ఒక చిక్కుంది. గాడ్జిల్లా ‘వచ్చింది’ అనాలా, ‘వచ్చాడు’ అనాలా? 1998 దానితో పేచీ లేదు. జంతువైనా, గుడ్లు పెట్టే తల్లయినా తెలుగు క్రియ ఒక్కటే, ‘వచ్చింది’. ఇంగ్లీషు వాళ్ళు సర్వనామం దగ్గర తన్నుకోవాలి గానీ మన వ్యాకరణం దాన్ని చక్కగా దాటేసింది. హీరో గాడ్జిల్లా సంగతి వేరు. హీరో అన్నాక ‘వచ్చాడు’ అనకపోతే అభిమాని మనసు గాయపడుతుంది. అన్న ‘అచ్చిండు’ తప్ప వేరే మాట అనడు. అక్క ‘అది’ అంటుంది. గోదావరి జిల్లావాణ్ణి కాబట్టి నాకు ఒకోసారి ‘వచ్చారండి’ అని కూడా నోటి చివరిదాకా వస్తుంది. 108 మీటర్ల మనిషిని ఏకవచనంతో పిలవడానికి కొంచెం ధైర్యం కావాలి.

సినిమా మొదలైంది. జపాన్‌లో అణు విద్యుత్ కేంద్రం కూలింది. క్రాన్‌స్టన్ కళ్ళెదుట, అద్దం తలుపుకి అవతల ఆయన భార్య చిక్కుకుపోయింది. అక్క పాప్‌కార్న్ పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఏసీ కోసం వచ్చిన మనిషిని మొదటి పావుగంటలోనే ఏడిపించారు, ఇంకేం, బొమ్మ హిట్టు అనుకున్నాం. ఆ తర్వాత గంటయినా కాకుండానే క్రాన్‌స్టన్‌ని చంపేశారు. ఇక సినిమా మోయాల్సింది ఆయన కొడుకు. ఆ అబ్బాయి సైన్యంలో బాంబులు విప్పే నిపుణుడు. లోకం తగలబడుతున్నా, పెళ్ళాంతో ఫోన్లో మాట్లాడుతున్నా మొహం ఒకటే, పాస్‌పోర్ట్ ఫొటో మొహం. తమ్ముడు నా చెవిలో, “ఏందన్నా ఇది, వడ్డించిన విస్తరి లాగేసుకున్నారే?” అన్నాడు. అప్పుడే అతని చేతిలో ఫోను వెలిగి ఆరింది. ఎందుకో తర్వాత తెలిసింది.

గంట గడిచింది. హోనలులు విమానాశ్రయం. మ్యూటో అనే పెద్ద పురుగు రైలునీ విమానాలనీ చెండాడుతోంది. ఇంతలో దభీమని ఒక పాదం. కెమెరా ఆ పాదం మీంచి మెల్లగా పైకి, ఇంకా పైకి, మెడ దాకా, మొహం దాకా. ఒక్క గర్జన. సీట్లు అదిరాయి. అమెరికా హాళ్ళలో విశ్రాంతి ఇవ్వరన్న సంగతి మా అయిదుగురికీ తెలుసు. అయినా తెలుగు ప్రేక్షకుడి కడుపులో ఒక గడియారం ఉంటుంది. అది మోగింది. ఆ గర్జన మీద ‘విశ్రాంతి’ అని పడాలి, సమోసాలకి లేవాలి. బావ నిజంగానే సగం లేచాడు.

పడింది విశ్రాంతి కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఇల్లు, సోఫాలో ఒక పిల్లవాడు, టీవీలో వార్తలు, ఆ వార్తల్లో అరచేతంత గాడ్జిల్లా పోట్లాడుతున్నాడు. అంతే. అరవై ఏళ్ళ చరిత్రగల కొట్లాట మాకు వార్తా చానల్ ముక్కలా మిగిలింది. చిన్నప్పుడు క్లైమాక్సులో కరెంటు పోతే హాల్లో లేచేది చూడండి, ఒక సామూహిక ‘హూ…’, అది టెక్సాస్‌లో అన్న ఒక్కడి గొంతులోంచి వచ్చింది.

చివర్లో బాకీ కొంత తీర్చారు. అది ఒప్పుకోవాలి. దుమ్ములో, చీకట్లో, తోక చివర నీలం వెలుగు పుట్టి వెన్ను ముళ్ళ వెంబడి ఒక్కొక్కటే పైకి పాకుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. నోట్లోంచి నీలం మంట రాగానే ముందు వరసలో ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషి లేచి నిలబడి టోపీ తీశాడు.

పార్కింగ్ లాట్‌లో అసలు సినిమా మొదలైంది. తమ్ముడు ఫోను తీసి చూపించాడు. క్రాన్‌స్టన్ పోయిన కోపంలో స్టాప్‌వాచ్ పెట్టాడట. గాడ్జిల్లా తెర మీదకి రాగానే నొక్కడం, పోగానే ఆపడం. ఉద్యోగం టెస్టింగ్, అలవాటు పోదు కదా. “ఎనిమిది నిమిషాల చిల్లరన్నా! రెండు గంటలకి ఎనిమిది నిమిషాలు. ఇరవై డాలర్లు పెట్టి నేను చూసింది ఎవుర్ని?”

అన్న ఆ లెక్క ఒప్పుకోలేదు. నీళ్ళలో వెన్ను ముళ్ళు కనబడ్డాయి, అవి కలిపావా? తోక? టీవీలో కనబడ్డది ఎందుకు కలపలేదు? అక్కడ హైదరాబాదులోనూ గుంటూరులోనూ ఏజెంట్లు చెల్లని ఓట్ల గురించి కీచులాడుకోబోయే వేళకి, మేం టెక్సాస్‌లో చెల్లని తోక గురించి కీచులాడుకుంటున్నాం.

బావ పెద్దమనిషి తరహాలో ‘జాస్’ ఉదాహరణ తెచ్చాడు. 1975లో స్పీల్‌బర్గ్ సొరచేపని ఎంతసేపు చూపించాడు? చాలాసేపు ఉట్టి సంగీతంతో, నీళ్ళ మీద తేలే పీపాలతో నడిపాడు. చూపించకపోవడమే గొప్పతనం అని తీర్మానించాడు. అన్న ఒక్క క్షణం ఆగి, “బావా, ఆ మర చేప ఉప్పు నీళ్ళల్ల చెడిపోయింది కాబట్టి సూపియ్యలే. గీడ మంచిగున్నదాన్ని దాసిన్రు” అన్నాడు. బావ దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గర ఇప్పటికీ లేదు.

అప్పుడు అక్క అందుకుంది. “భక్త ప్రహ్లాద చూశారా? నరసింహస్వామి ఎంతసేపు ఉంటాడు? సినిమా అంతా అయ్యాక స్తంభంలోంచి వస్తాడు, పేగులు తీస్తాడు, శాంతిస్తాడు, శుభం. మా అమ్మమ్మ ఏనాడైనా టైము చూసుకుందా?” బావకి ప్రాణం లేచొచ్చింది. మాయాబజార్‌లో ఘటోత్కచుడు మాత్రం మొదటి రీల్లో వచ్చాడా అని తనూ గొంతు కలిపాడు.

నాకు ఆ మాట దగ్గర లైటు వెలిగింది. నరసింహస్వామి వచ్చేదాకా తెర మీద ఎవరున్నారు? ఎస్వీ రంగారావు ఉన్నాడు. ఆయన మీసం మెలేస్తుంటే స్వామివారు ఇంకో గంట ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తొందర లేదు. ఈ సినిమాలో జరిగిన పాపం గాడ్జిల్లాని దాచడం కాదు, రంగారావుని మొదటి సగంలోనే చంపేసి, స్తంభం పగిలేదాకా మనల్ని పాస్‌పోర్ట్ ఫొటోతో కూర్చోబెట్టడం. తర్వాత అన్న దగ్గర 1954 డీవీడీ అడిగి తెచ్చుకుని చూశాను. అందులోనూ గాడ్జిల్లా కనబడేది తక్కువే. రబ్బరు తొడుగు వంద కిలోల దాకా ఉండేదట. లోపల హరువొ నకజిమా అనే ఆయన చెమటతో తడిసిపోతూ బొమ్మ టోక్యోని తొక్కుతుంటాడు. ఆ గర్జన ఏ జంతువుదీ కాదు, పెద్ద వాయులీనం లాంటి డబుల్ బాస్ తీగని తోలు చేతితొడుగుతో రాసి పుట్టించిన చప్పుడు. అయినా భయమేసింది. ఆ ఏడాది మార్చిలోనే బికినీ దీవిలో అమెరికా పేల్చిన బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. సినిమా నవంబరులో వచ్చింది. హాల్లో కూర్చున్నవాళ్ళు గాడ్జిల్లా కోసం ఎదురుచూడక్కర్లేదు, అప్పటికే ఇంట్లో చూసి వచ్చారు.

మళ్ళీ పార్కింగ్ లాట్‌కి. తమ్ముడు ఇంకో ఆయుధం తీశాడు. ట్రైలర్ వచ్చినప్పుడే జపాన్ అభిమానులు గాడ్జిల్లా ఒళ్ళు చేశాడని, అమెరికా తిండి పడిందని వెక్కిరించారట. అన్న మండిపడ్డాడు. 1954లో 50 మీటర్లు, ఇప్పుడు 108, ఎత్తు పెరిగినప్పుడు నడుము పెరగదా? అక్క మా నలుగురినీ కారు లైట్ల వెలుగులో వరసగా చూసింది. మేం ఎత్తేమీ పెరగలేదు. ఎవరం ఏమీ అనకుండా కారెక్కాం.

ఇంటికొచ్చేసరికి పోస్టల్ బ్యాలెట్లు మొదలయ్యాయి. ఒక లాప్‌టాప్‌లో 119, ఇంకో లాప్‌టాప్‌లో 175. అన్నా తమ్ముడూ చెరో లాప్‌టాప్ ముందు, మధ్యలో గాడ్జిల్లా. ఒక చెవిలో మెజారిటీలు, ఒక చెవిలో నిమిషాలు. పదకొండింటికి గొంతులు లేచాయి, ఏ విషయం మీదో మాకు తెలియలేదు. బావ విడదీయబోతే అక్క చెయ్యి పట్టుకు ఆపింది. సినిమాలో కెన్ వతనబె ముగ్గురు రాక్షసుల గురించి నావికాదళం పెద్దకి ఇచ్చిన సలహానే ఇచ్చింది. “వదిలెయ్యండి, కొట్టుకోనివ్వండి.” ఫలితాలకి ఆ రాత్రి ఎవరు సంతోషించారో, ఎవరు పాలు పొంగించారో ఇక్కడ రాయను. ఉగాదికి ఇప్పటికీ ఒకే చోట వండుకుంటున్నాం.

వసూళ్ళు వచ్చాక యుద్ధం రెండో అంకం. అమెరికాలో మొదటి వారాంతం 9 కోట్ల 30 లక్షల డాలర్లు. “సూసినవా?” అని అన్న అర్ధరాత్రి మెసేజ్. రెండో వారాంతం అందులో మూడో వంతుకి పడింది. “చూసినావా?” అని తమ్ముడి మెసేజ్. ఒకే బొమ్మకి ఇద్దరూ ఒకే మాట వాడారు. మన పత్రికల భాషలో దాన్ని డివైడ్ టాక్ అంటారు.

2019లో రెండో భాగం వచ్చింది. ఎనిమిది నిమిషాల గోల విన్నట్టున్నారు, ఈసారి మూడు తలల ఘిడోరా, రోడన్, మోత్రా, ఎటు చూసినా రాక్షసులే, పైన వాన. అన్న తృప్తిగా బయటికొచ్చాడు. తమ్ముడు తల పట్టుకుని, “ఊపిరాడలేదన్నా. ఆ గోలలో మనుషులు యాడుండారు?” అన్నాడు. స్టాప్‌వాచ్ గురించి గుర్తుచేద్దామనుకున్నాను గానీ కారు తమ్ముడిది, ఇంటికి దింపాల్సింది అతనే.

2023 డిసెంబరులో జపాన్ నుంచి ‘మైనస్ వన్’. యుద్ధం ముగిసిన జపాన్, చావలేక బతుకుతున్న ఒక పైలట్, ఎవరి బిడ్డో తెలియని పాప. గాడ్జిల్లా మళ్ళీ పాత రోజుల్లోలా కర్కోటకుడు. అక్క మొదటి పావుగంట నుంచి చివరిదాకా ఏడ్చింది. ఆ తర్వాతి మార్చిలో దానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా వచ్చింది లెండి. హాల్లోంచి వస్తూ తమ్ముణ్ణి అడిగాను, ఎన్ని నిమిషాలని. ఫోను తియ్యనే లేదట. ఇన్నేళ్ళకి అన్నా తమ్ముడూ ఒకే సినిమా చూశారని బావ సంబరపడి, ఇంటికెళ్ళాక పాయసం అన్నాడు.

కారు హైవే ఎక్కేముందు తమ్ముడు కిటికీలోంచి చూస్తూ, “ఎంత బాగుందన్నా ఆ మనుషుల కథ! గాడ్జిల్లా లేకపోయినా ఆడేది” అన్నాడు.

అన్న ఇండికేటర్ వేసి, కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు.