డెబ్బై మూడు పైసల పౌష్టికాహారం

మధ్యాహ్న భోజనం రెండు రకాలు: గోడ మీద రాసింది, పళ్లెంలో పడేది. మొదటిదానికి ఏ లోటూ లేదు. తెలంగాణలో రామన్నపేట సర్కారు బడి అయినా, మక్తల్ బడి అయినా వారపు పట్టిక ఒక్కటే. సోమవారం కిచిడీ, గురువారం వెజిటబుల్ బిర్యానీ, మిగతా రోజుల్లో సాంబారు, ఆకుకూర పప్పు, వారానికి మూడు గుడ్లు. ప్రాథమిక పాఠశాల పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నిబంధన. అందుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె.

బియ్యం సర్కారే ఇస్తుంది, గుడ్డు లెక్క వేరు. మిగతా సరుకులకు, వంటచెరకుకు కలిపి 2025 మే నుంచి కేంద్రం ఖరారు చేసింది తలకు 6 రూపాయల 78 పైసలు. కందిపప్పు కిలో 140, కూరగాయలు 50, నూనె 150 అనుకుంటే పప్పుకు 2.80, కూరగాయలకు 2.50, నూనెకు 75 పైసలు పోను మిగిలేది 73 పైసలు. ఉప్పు, కారం, పసుపు, పోపు, చింతపండు, గ్యాసు అన్నీ అందులోనే. టమాట ధర మండిన నెలలో ఏం చేయాలో నిబంధనల్లో లేదు. సాంబారుకు మాత్రం తెలుసు, ఇంకో చెంబు నీళ్లు పోసుకుని సర్దుకుంటుంది.

చింతపండు సంగతి కొంచెం చెప్పుకోవాలి. రామన్నపేట పాత నల్లగొండ జిల్లాలోది. ఆ జిల్లా ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డది. రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న బాలుర ఒంట్లోంచి ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లోనే ప్రచురించారు. కిలో 150కి దొరికినా 10 గ్రాములకు రూపాయిన్నర. శాస్త్రం ఉంది, చింతచెట్టూ ఉంది, 77 పైసలే తక్కువ.

పోషణ మాటెత్తగానే నాయకులకు గుర్తొచ్చేది సన్నబియ్యం. 2015 జనవరి నుంచి బడుల్లో అదే వండుతున్నారు. మంచిదే, ముక్కిన దొడ్డు బియ్యం కన్నా పిల్లలు ఇష్టంగా తింటారు. కానీ ఆ 450 కేలరీల్లో 350 దాకా ముందే బియ్యానివి. కొరతంతా పప్పు, పాలు, ఆకుకూరల దగ్గర. బియ్యం సన్నబడ్డది గానీ పిల్లలు లావెక్కలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015–16లో 28 శాతం, 2019–21లో 33 శాతం. రక్తహీనత 61 శాతం నుంచి 70కి చేరింది. ఆ పిల్లలే ఇప్పుడు పళ్లెం పట్టుకుని బడి వరుసలో ఉన్నారు.

పథకాన్ని నడిపించేది నిజానికి కిరాణంలో ఉద్దెర ఖాతా. వంట చేసే ఆడవాళ్లు ముందు సరుకు తెచ్చి వండిపెడతారు, బిల్లు నెలలు గడిచాక వస్తుంది. మహిళా సంఘాలకు వడ్డీ లేని రుణాలిస్తున్నామని సర్కారు సభల్లో చెప్పుకుంటుంది. బడి వంటింట్లో సంఘాల మహిళలే సర్కారుకు వడ్డీ లేని రుణం ఇస్తున్నారు. వాళ్ల గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. అందులో కేంద్రం వాటా 600. కేంద్రం లెక్కలో వేతనం 2009లో ఖరారైన వెయ్యి రూపాయలే, ఇంతవరకు మారలేదు.