బట్టమేక పిట్టను నేసిన జకార్డుని

షోలాపూర్ అనగానే అందరికీ చద్దరు గుర్తొస్తుంది. చలికి కప్పుకుంటారు, పెళ్లిళ్లలో పెడతారు, తిరగేసి చూసి రెండు వైపులా పువ్వు పడిందని మెచ్చుకుంటారు. ఒకవైపు ఎరుపు మీద తెలుపయితే, రెండోవైపు తెలుపు మీద ఎరుపు. రెండు పొరల్ని ఒక్కటిగా కలిపే ఆ నేతకు 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఆ పువ్వును దారంలోకి దింపేది ఎవరని అడిగేవాళ్లు తక్కువ. దింపేది మేము, జకార్డులం. మగ్గం నెత్తిన కూర్చునే యంత్రాలం.

నేను చేతిమగ్గం జకార్డుని. టేకు చట్రం, 240 హుక్కులు, అన్నే సూదులు. నాకు కరెంటు అక్కర్లేదు, నేతగాడు కాలితో తొక్కితే చాలు. నా పక్కనున్న నాలుగు పలకల దిమ్మె మీదుగా అట్ట కార్డుల దండ తిరుగుతుంది. కార్డులో రంధ్రం ఉన్నచోట సూది అందులోకి దూరుతుంది, దాని హుక్కు పైకి లేస్తుంది, హుక్కుకు వేలాడే పడుగు పోగులూ లేస్తాయి. రంధ్రం లేనిచోట కార్డు సూదిని వెనక్కి నెట్టేస్తుంది, పోగులు కిందే ఉండిపోతాయి. ఆ సందులోంచి నాడె పరుగెడుతుంది. ఒక్క పేక పోగుకు ఒక్క కార్డు. అదే నా విద్య.

ఈ విద్యను ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 నాటికి కుదిర్చాడు. ఆయన పోయిన అయిదేళ్లకు, 1839లో, ఆయన రూపాన్నే పట్టు మీద నేశారు. దానికి పట్టిన కార్డులు 24,000. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఆ పట్టు బొమ్మ ఒకటి సంపాదించి దాచుకున్నాడు. తాను తలపెట్టిన లెక్కల యంత్రానికి మా కార్డులతోనే ఆజ్ఞలు ఇవ్వాలనుకున్నాడు. కంప్యూటర్ వచ్చిందని నన్ను దించేసినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నన్ను దించేటప్పుడు చేతులు కాస్త మెల్లగా ఆడేవేమో.

నేను బతికింది షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేట దగ్గర ఒక గల్లీలో. అక్కడ ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. కన్నడం, ఉర్దూ గోడ అవతలే వినిపిస్తుంటాయి. కరువులకూ అప్పులకూ నిజాం ఇలాకా వదిలి, మగ్గం పనిముట్లు నెత్తిన పెట్టుకుని వచ్చిన పద్మశాలీల మనుమలూ మునిమనుమలూ ఉండే చోటు అది. 1877లో ఊళ్లో మొదటి నూలు మిల్లు నడిచింది. తర్వాతి రోజుల్లో దాన్నే జూనీ మిల్లు అన్నారు. ఆ వెనక ఇంకొన్ని మిల్లులు వచ్చాయి. మిల్లులు ఎన్ని లేచినా, ఎన్ని మూతపడినా, ఈ గల్లీల్లో మగ్గం చప్పుడు మాత్రం సాగింది. ఏడాదిలో అది పూర్తిగా ఆగే రోజంటూ ఉంటే శ్రావణ పౌర్ణమి. ఆ రోజు మార్కండేయ స్వామి రథం కదులుతుంది.

నన్ను మొదట కొన్నవాడి గురించి ఎక్కువ చెప్పను. చీర అంచులు నేయించాడు. నూనె చుక్క వేసేవాడు కాదు. హుక్కు వంగితే చేత్తో లాగి సరిచేసి, మళ్లీ వంగితే నన్ను తిట్టేవాడు. పవర్‌లూములు కొనుక్కోగానే నన్ను గోడకు ఆనించి, నా మీద తడి గోనెసంచులు ఆరేశాడు. తుప్పు నాకు తొలిసారి పట్టింది అప్పుడే.

అక్కడినుంచి నన్ను తోపుడు బండి మీద తెచ్చుకున్నవాడే నా అసలు మనిషి. ఆయన పగలంతా ఒక కార్ఖానాలో చద్దర్లు నేసే కూలీ. సేఠ్ ఇచ్చిన డిజైను, సేఠ్ ఇచ్చిన రంగు, గజాల లెక్కన కూలి. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, నా కిందికి వచ్చి కూర్చునేవాడు. ముందుగా నా సూదుల్ని ఒక్కొక్కటే కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఎన్ని రాత్రులు తుడిచాడో, ఆఖరికి 240 సూదులూ ఒకేసారి కదిలిన చప్పుడు విని మనసారా నవ్వాడు. నన్ను చూసి ఎవరైనా అంత సంతోషపడటం అంతకుముందు నేను ఎరగను.

ఆయన నేసేవి గోడకు వేలాడదీసే బొమ్మలు. వాటికి మా ఊరి చేతిమగ్గాలకు పేరు కూడా ఉంది. దేవుళ్లు, నాయకులు, కోటలు. మేమిద్దరం నేసినవాటిలో నాకు గర్వమైనది డాక్టర్ ద్వారకానాథ్ కొట్నీస్ బొమ్మ. 1910లో మా షోలాపూర్‌లోనే పుట్టి, యుద్ధంలో గాయపడినవాళ్లకు వైద్యం చేయడానికి చైనా వెళ్లి, 1942లో అక్కడే కన్నుమూసిన మనిషి. కొట్నీస్ కళ్లు రావడానికి మా ఆయన గ్రాఫు కాగితం ఎన్నిసార్లు చెరిపి గీశాడో! గళ్ల కాగితం మీద వంపు ఏదైనా మెట్లుగా మారిపోతుంది. ఆ మెట్లు దూరంనుంచి చూసేవాడికి తెలియకూడదు. ఒక్క గడి అటు జరిపితే చూపులో దయ, ఇటు జరిపితే కోపం. అంత సన్నని పని అది.

బొమ్మ చేయించుకున్నవాళ్లందరూ మంచివాళ్లు కారు. ఒక పెద్దమనిషి తన రూపం నేయించుకుని, సన్మాన సభలో దానికి దండ వేయించుకుని, చెప్పిన డబ్బులో సగమే చేతిలో పెట్టాడు. మా ఆయన నోరెత్తలేదు. ఆ రాత్రి చాలాసేపు నా చట్రానికి తల ఆనించుకుని కూర్చున్నాడు.

కానీ ఆయన జీవితమంతా కూలి, బాకీలే అని రాస్తే అన్యాయం చేసినట్టే. ఆయనకు చూడటమంటే పిచ్చి. సంక్రాంతికి సిద్ధేశ్వర జాతరలో ఏడు నందిధ్వజాలు ఊరేగుతుంటే, జనంలో నలుగుతూనే బీడీ కట్టల మీది కాగితం వెనక పెన్సిలుతో గీసుకొచ్చేవాడు. మా ఊరి భుయీకోట గోడ మీద పడిన ఎండను రంగు పేర్లతో రాసుకునేవాడు: ఇటుక, బెల్లం, పాత రాగి. పొరుగున పండరీపురంలో పుట్టి, బొంబాయిలో సినిమా బొమ్మలు గీసి, ప్రపంచానికి ఎక్కిన ఎం.ఎఫ్. హుసేన్ సంగతి ఎవరైనా ఎత్తితే చెవులు నిక్కబొడుచుకునేవాడు. "ఆయనకు గోడలు దొరికినయి, నాకు మగ్గం దొరికింది" అనేవాడు.

సెలవు దొరికితే సైకిలు ఎక్కి నాన్నజ్ పోయేవాడు. అక్కడి గడ్డి మైదానాల్లో బట్టమేక పిట్ట ఉండేది. మరాఠీవాళ్లు మాళ్‌ఢోక్ అంటారు. దాదాపు మీటరు ఎత్తు, మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. నల్లటి టోపీ, తెల్లటి మెడ, గోధుమ రంగు రెక్కలు. నేల మీదే ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు పెడుతుంది. దాన్ని కాపాడటానికే 1979లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. పొద్దు పొడవకముందే బయల్దేరి, గడ్డిలో బోర్లా పడుకుని, చాలాసార్లు ఏమీ చూడకుండానే తిరిగొచ్చేవాడు. "కృష్ణజింకలు కనబడ్డయి, పిట్ట కనబడలే" అని భార్యకు చెప్పేవాడు, అదీ గొప్ప వార్తే అన్నట్టు.

చివరికి కనిపించింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా గ్రాఫు కాగితం పరిచాడు.

ఆ బొమ్మ ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వరు. రెక్క దగ్గర ఒక్కో వరసకు రెండు మూడు రంగులు కావాలి, అంటే రెండు మూడు కార్డులు. మొత్తం దగ్గర దగ్గర వెయ్యి కార్డులు తేలాయి. రాత్రిపూట ఇనుప పలక మీద పెట్టి పంచుతో కొడుతుంటే పక్కింటివాళ్లు గోడ కొట్టేవాళ్లు. తప్పు పడిన రంధ్రానికి కాగితం అతికించి మళ్లీ కొట్టేవాడు. ఆయన భార్య పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. మా గల్లీలో చాలామంది ఆడవాళ్ల పని అదే. కూలి వెయ్యి బీడీల లెక్కన.

"నా వెయ్యికి కంపెనీ పైసలిస్తది. నీ వెయ్యి అట్టలకు ఎవడిస్తడయ్యా?" అని ఒకరోజు అడిగింది.

"ఎవడియ్యడే. అందుకే నాకు నచ్చినట్టు కొట్టుకుంటున్న."

ఆమె మళ్లీ అడగలేదు. రెక్క రంగు దగ్గర మాత్రం ఆయన చిక్కుకుపోయాడు. అద్దకం దుకాణంలో చూపించిన గోధుమ రంగులేవీ పిట్ట మీద చూసిన రంగు కావు. అప్పుడామె కత్తిరించడానికి పెట్టుకున్న ఎండు తునికాకు ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని దీపం వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. మర్నాడు ఆ ఆకునే అద్దకంవాడికి ఇచ్చి, దానికి సరిపడా నూలు రంగు వేయించుకొచ్చాడు. మెడకు రంగు వేయని పత్తి నూలే పెట్టాడు. ఆ పిట్టను నేసిన రాత్రుల్లో నా ఒక్క హుక్కు కూడా తప్పలేదు. నా బతుకులో నేను చేసిన మంచి పని అదేనని నా నమ్మకం.

పగటి చద్దరు ఆ ఇంటికి కూడు పెట్టింది, కాదనను. కానీ కార్ఖానాలో ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న రోజూ రాత్రి నా దగ్గర ఆయన తనకు తానే వేసుకునేవాడు: ఏం నేద్దాం? ఆ ప్రశ్న ఉన్నన్నాళ్లూ ఆయన అలసిపోయి కూడా పడుకోలేదు. నేత కార్మికుడి గురించి మాట్లాడేవాళ్లు కూలి రేటు గురించి మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. ఆ రేటు కోసం, ఇళ్ల కోసం మా ఊళ్లో పెద్ద పోరాటాలే జరిగాయి. కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరుతో బీడీ కార్మిక స్త్రీలకు కట్టిన పదివేల ఇళ్లు 2006లో వాళ్ల చేతికి వచ్చాయి. కానీ కూలీకి కూడు, గూడు సరిపోతాయని, బొమ్మ ఎందుకని అనేవాళ్లతో నేను ఏకీభవించను. సగం చీకట్లో తునికాకు రంగు సరిచూసిన ఆ ఇద్దర్నీ నేను పైనుంచి చూశాను.

తర్వాత ఆయన చూపు తగ్గింది. దూది దుమ్ముతో ఊపిరి బిగబట్టేది. గ్రాఫు గళ్లు కలిసిపోతున్నాయని మనుమణ్ని పిలిచి లెక్కపెట్టించేవాడు. ఒక వానాకాలం ఆయన నా కిందికి రాలేదు. ఇక రాలేదు.

కొడుకు చెడ్డవాడు కాడు. అక్కల్‌కోట రోడ్డు వైపు ఎంఐడీసీ పారిశ్రామికవాడలో టవళ్లు నేసే చోట పని. అక్కడ కార్డులే ఉండవు, డిజైను కంప్యూటర్లో గీస్తే మగ్గం అందుకుంటుంది. ఇంట్లో మగ్గం గది ఖాళీ చేస్తే అద్దె వస్తుంది. "బాపు పోయిండు, ఇగ దీన్ని ఎవరు నడుపుతరు" అన్నాడు. న్యాయమైన మాటే. కానీ నన్ను దించినవాళ్లు నా దారాల్ని ముడులు విప్పి తీయలేదు, కత్తితో కోశారు. ప్రతి దారం ఏ కన్నంలోంచి రావాలో ఆయన వేళ్లకే తెలుసు. కోసిన తర్వాత ఇక ఎవరికీ తెలియదు. నన్ను మిద్దె మీద పడేశారు. రెండు వానాకాలాలు తడిశాను. హుక్కులు ఒకదానికొకటి అతుక్కున్నాయి, చట్రం సందుల్లో ఎలుకలు కాపురం పెట్టాయి. మనుమలు నా దిమ్మెను బంతికి అడ్డంగా పెట్టుకుని ఆడారు. పిల్లల మీద నాకు కోపం లేదు, కనీసం వాళ్లు నన్ను ముట్టుకున్నారు.

నన్ను నిజంగా చంపింది ఒక దీపావళి. తెల్లవారుజామున అభ్యంగన స్నానానికి, కట్టెలతో నీళ్లు కాచే బంబులో నీళ్లు కాగాలి. కట్టెలు తడిశాయి. మూలనున్న కార్డుల కట్టలు గుర్తొచ్చాయి. గట్టి అట్ట, బాగా మండుతుంది. నందిధ్వజాల బొమ్మ కార్డులు ముందు పోయాయి, తర్వాత కొట్నీస్, ఆఖరున బట్టమేక. ఇంటిల్లిపాదీ వేడినీళ్లు పోసుకున్నారు. కార్డు లేని జకార్డు దేనికీ పనికిరాదు. పండగ వెళ్లగానే పాత సామాను కొనే భంగారువాడు వచ్చి నన్ను తూకానికి తీసుకున్నాడు. ఇప్పుడు వాడి దుకాణంలోనే ఉన్నాను. ఇనుము అమ్ముడుపోయింది, టేకు చట్రాన్ని ఇంకా ఎవరూ అడగలేదు.

ఆ పిట్ట సంగతీ చెప్పాలి. అభయారణ్యాన్ని తర్వాత బాగా కుదించారు. గడ్డి మైదానాలు పొలాలయ్యాయి. కరెంటు తీగలు ఎదురైతే ఆ పక్షి పక్కకు తప్పుకోలేకపోతుంది, దాని కళ్లు ఎదుటికంటే పక్కలకే బాగా చూస్తాయి. ఇవాళ దేశం మొత్తంలో స్వేచ్ఛగా తిరిగేవి 150 ప్రాంతమే. ఎక్కువ భాగం రాజస్థాన్‌లో ఉన్నాయి. నాన్నజ్‌లో అది కనబడటమే అరుదు.

అయితే నన్ను మిద్దె దించుతున్న రోజు ఒకటి చూశాను. ఆయన భార్య, ఆ ముసలమ్మ, తన ఇనప్పెట్టె తెరిచి బీడీ కార్మికురాలి కార్డు వెతుకుతోంది. దాని కింద మడతపెట్టిన గ్రాఫు కాగితాలు ఉన్నాయి. పై కాగితంలో తెల్లటి మెడ, నల్లటి టోపీ. ఆయన గీసిన పిట్ట. అంచున ఎండు తునికాకు ముక్క ఒకటి అతికించి ఉంది. నన్ను తీసుకుపోతున్నవాళ్లను ఆమె ఒక్కసారి చూసి, పెట్టె మూసి తాళం వేసింది.

గ్రాఫు ఉంటే కార్డులు మళ్లీ కొట్టొచ్చు. నా వంటి జకార్డు ఇంకోటి దొరుకుతుంది, లేకపోతే కంప్యూటర్లోకయినా ఎక్కించొచ్చు. కాబట్టి షోలాపూర్‌లో గానీ, సిరిసిల్లలో గానీ, గద్వాలలో గానీ, మీ ఇంటి అటక మీద కార్డుల కట్ట ఉంటే పొయ్యిలో పెట్టకండి. గ్రాఫు కాగితాలు ఉంటే తడి తగలని చోటికి మార్చండి. ఏ కట్ట ఏ బొమ్మదో, ఏ రంగు ఎక్కడిదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, కట్ట మీదే రాసి పెట్టండి. వాళ్లు ఉండగానే అడగండి.