జామ్ ముందా, క్రీమ్ ముందా, వజ్రం ముందా?

ఇంగ్లండ్‌లో పాతకాలపు దొరల మేడలు చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు ఒక మర్యాద నేర్చుకోవాలి. కుర్చీల్లో కూర్చోకూడదు. ఆ మాట ఎవరూ నోరు తెరిచి అనరు. మెత్తటి పట్టు కుర్చీ మధ్యలో ఒక పైన్ కాయో, ముళ్లున్న ఎండు పువ్వో పెట్టి ఊరుకుంటారు. సంస్కారం అంటే అదీ! రెండో మర్యాదకు ముల్లు కూడా అక్కర్లేదు, వచ్చినవాళ్లే పాటిస్తారు. ఇంత ఇల్లు కట్టడానికి డబ్బెక్కడిదని అడగకూడదు.

గదికొకరు చొప్పున నిలబడే పెద్దమనుషులకు, పెద్దమ్మలకు తెలియని సంగతి లేదు. చాలామంది జీతం తీసుకోకుండా, ఇష్టంతో వచ్చినవాళ్లే. ఆ బల్ల ఎవరు చెక్కారో, ఆ పరుపు మీద ఏ రాణి ఒక రాత్రి పడుకుందో, పైకప్పు మీది సున్నపు పూలు ఏ సంవత్సరంలో అద్దారో గడగడా చెబుతారు. యజమాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గుతుంది. ఆయన 'తూర్పు దేశాల్లో సంపద గడించి' తిరిగొచ్చాడట. అక్కడ గాలి పీలిస్తే జలుబు చేసినట్టు, డబ్బు కూడా దానంతటదే చేస్తుంది కాబోలు.

ఈ దేశంలో చరిత్ర మీద పట్టింపు లేదనుకుంటే పొరపాటు. కార్న్‌వాల్‌లో లాన్‌హైడ్రాక్ అని ఒక పెద్ద మేడ ఉంది, ఇలాంటి మేడలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ వారిది. 2018లో ఆ మేడ ప్రకటనలో స్కోను అనే చిన్న రొట్టె మీద ముందు క్రీమ్ పూసి, దాని మీద జామ్ వేసిన బొమ్మ వచ్చింది. అది పక్క జిల్లా డెవన్‌వాళ్ల పద్ధతి. కార్న్‌వాల్‌లో జామ్ ముందు, క్రీమ్ తర్వాత. ఇంకేముంది, అగ్గి రాజుకుంది. సభ్యత్వం వదులుకుంటామన్నవాళ్లూ ఉన్నారు. చివరికి ట్రస్టువాళ్లు సంజాయిషీ చెప్పుకున్నారు.

అదే కార్న్‌వాల్‌లో, లాస్ట్‌విథియెల్ ఊరికి దగ్గర్లో, బొకొనాక్ అనే ఎస్టేటు ఉంది. ప్రైవేటు ఆస్తి. అప్పుడప్పుడు జనాన్ని రానిస్తారు. జింకల వనం, వసంతంలో విరగబూసే రోడోడెండ్రాన్లు, కొండ మీద ఆకాశానికి గురిపెట్టిన రాతి స్తంభం. ఈ ఎస్టేటును కొన్న థామస్ పిట్ కథ మాత్రం మన కృష్ణా ఒడ్డున మొదలవుతుంది.

పిట్ మొదట్లో ఈస్టిండియా కుంఫిణీ కళ్లుగప్పి, అనుమతి లేకుండా వ్యాపారం చేసినవాడు. కోర్టులో జరిమానా కూడా పడింది. తర్వాత ఆ కుంఫిణీయే అతణ్ణి 1698లో మద్రాసు కోటకు గవర్నరుగా పంపింది. కోళ్లగూటికి నక్కను కాపలా పెట్టడంలో అంత దూరదృష్టి ఇంకెవరికుంటుంది? గవర్నరుగిరీలో ఉండగానే పిట్ ఒక వ్యాపారి దగ్గర 410 కారట్ల ముడి వజ్రం కొన్నాడు. 48,000 వరహాలు ఇచ్చానని తనే రాసుకున్నాడు. అది కొల్లూరు గనిదని కొందరు, పరిటాలదని కొందరు అంటారు. ఏదైనా కృష్ణా తీరమే. దాన్ని కొడుకు చేతికిచ్చి ఇంగ్లండ్‌కు పంపి, సానపట్టించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. ద్వంద్వయుద్ధంలో చచ్చిన ఒక ప్రభువు భార్య దగ్గర బొకొనాక్‌ను కొన్నదీ ఆ రోజుల్లోనే.

వజ్రం ఎలా సంపాదించాడోనని అప్పుడే జనం చెవులు కొరుక్కున్నారు. ఆ గుసగుసలు భరించలేక పిట్ 1710లో ఇంటికి తిరిగెళ్తూ, దారిలో నార్వేలోని బెర్గెన్‌లో ఆగి, తాను న్యాయంగానే కొన్నానని దేవుడి సాక్షిగా ఒక వాంగ్మూలం రాసిపెట్టాడు. సరే, న్యాయంగానే కొన్నాడనుకుందాం. అంతకు రెండు తరాల ముందు ఈ ప్రాంతపు గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, రావల్కొండ గనిలో పనిలో ఆరితేరిన కూలీకి కూడా ఏడాదికి మూడు వరహాలే ముడుతున్నాయని రాశాడు. ఆ కూలి లెక్కన 48,000 వరహాలంటే ఒక మనిషి పదహారు వేల ఏళ్లు తవ్వాలి. మన సుల్తానులు, గని గుత్తేదార్లు కూలీలకు పాయసం పోశారని నేను అనడం లేదు. రక్తం పీల్చిన పాపంలో వాళ్ల వాటా వాళ్లకుంది. కాకపోతే వాళ్ల కోటలు చూడ్డానికి వెళ్లినప్పుడు స్కోను తింటూ 'ఎంత నిరాడంబరమైన అభిరుచి' అని ఎవరూ మెచ్చుకోరు.

ఇక్కడితో అయిపోలేదు. పిట్ మనవడు ప్రధానమంత్రి అయ్యాడు. మునిమనవడు ఇరవై నాలుగేళ్లకే ప్రధాని అయి, 1784లో కుంఫిణీని అదుపులో పెట్టే చట్టం తెచ్చాడు. అదే మనం బడిలో బట్టీపట్టిన పిట్స్ ఇండియా చట్టం. తెచ్చిన తేదీ మనచేత కంఠస్థం చేయించారు గానీ, ముత్తాత వజ్రం ఊసు ఎత్తలేదు. ఆ వజ్రం చివరికి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం చేరింది. 2025 అక్టోబరులో అక్కడ దొంగలు పడి రాజనగలు ఎత్తుకుపోయినా దీన్ని వదిలేశారు. పాతవాళ్లకున్న గురి ఈ కాలం దొంగలకు లేదు.

తోటల గొప్ప మరీ విడ్డూరం. 'అచ్చమైన ఇంగ్లీషు తోట' అంటారు. రోడోడెండ్రాన్లలో మేలైన రకాలు హిమాలయాలవి, కెమీలియాలు చైనా, జపాన్‌లవి. తోటలను చేత్తో మలిచినట్టు కనబడకుండా మలచడంలో గొప్పవాడని పేరుపడ్డ 'కేపబిలిటీ' బ్రౌన్, సర్రే జిల్లాలో క్లైవ్ దొర కోసం క్లేర్‌మాంట్‌లో కొత్త మేడ కట్టాడు. 1765లో శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు ఉన్న ఉత్తర సర్కారులను మొగలు చక్రవర్తి ఫర్మానాతో కుంఫిణీ పద్దులో వేయించిన క్లైవే ఈయన. పాపం, ఆ మేడలో సుఖంగా కాపురం ఉండకుండానే 1774లో పోయాడు. తెల్లవాళ్లయినంత మాత్రాన పేదలను వదిలారనుకోకండి. డోర్సెట్‌లో మిల్టన్ ప్రభువు తన కిటికీలోంచి కనబడే దృశ్యం పాడవుతోందని ఒక ఊరికి ఊరునే లేపేసి, కొండ చాటున కొత్తగా కట్టించాడు. ఆ కొత్త ఊరి ముద్దొచ్చే గడ్డికప్పు ఇళ్లనూ ఇప్పుడు సందర్శకులు ఫొటోలు తీసుకుంటారు.

2020 సెప్టెంబరులో నేషనల్ ట్రస్టు ధైర్యం చేసింది. తన చేతిలోని 93 చోట్లకు వలస పాలనతోనో, బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని నివేదిక ఇచ్చింది. చర్చిల్ ఇల్లు చార్ట్‌వెల్ కూడా అందులో కనబడేసరికి కొందరు ఎంపీలు, పత్రికలవాళ్లు గుండెలు బాదుకున్నారు. పచ్చగడ్డి చూద్దామని వస్తే పాఠాలు చెబుతారా అన్నారు. గొడవ ధర్మసంస్థల కమిషన్ దాకా వెళ్లింది. ట్రస్టు తప్పేమీ చేయలేదని 2021లో ఆ కమిషన్ తేల్చింది. ఇదే జనం పునాది రాయి ఏ గనిదో, ఓక్ దూలం ఏ అడవిదో చెబితే చెవులు రిక్కించి వింటారు. అది చరిత్ర. రాయికి, దూలానికి డబ్బెవరిచ్చారో చెబితే మాత్రం రాజకీయం!

మనవాళ్ల సంగతీ చెప్పాలి. రెడింగ్‌లో, స్లవ్‌లో ఉండే తెలుగు కుటుంబాలు వేసవి వస్తే ఈ మేడల చుట్టూ తిరుగుతాయి. పులిహోర డబ్బాతో కారు దిగి, పచ్చిక మీద ఫొటో దిగి, 'వీళ్లు ఎంత బాగా కాపాడుకున్నారో, మనవాళ్లకు బుద్ధి లేదు' అని స్టేటస్ పెడతాయి. కాపాడుకోవడానికి ఇక్కడ మేడ మిగిలింది. అక్కడ కొల్లూరు గని పులిచింతల జలాశయం కింద మునిగింది, టిక్కెట్టు పెట్టి చూపించడానికి గొయ్యి కూడా లేదు. రెడింగ్ పక్కనే ఉన్న స్వాలోఫీల్డ్ పార్కు కూడా ఒకప్పుడు ఈ పిట్ కొన్నదేనని అక్కడి తెలుగువాళ్లలో ఎందరికి తెలుసు?

వెళ్లొద్దనను. వెళ్లండి, టిక్కెట్టు కొనండి, జామ్ ముందే పూసుకోండి. భోజనాల గదిలో ఆ పెద్దమ్మ వెండి పళ్లేల కథ ముగించి 'ఏమైనా సందేహాలున్నాయా' అని అడుగుతుంది. పిల్లల చేత చెయ్యెత్తించి, వచ్చిన ఇంగ్లీషులోనే, అందరికీ వినబడేలా అడిగించండి: ఇదంతా కొనడానికి డబ్బెక్కడిదండీ?