టేపు చేతిలో, స్కేలు ఫైలులో

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో కుళాయి, కాలువ, రోడ్డు, వీధిదీపం అన్నిటికీ వార్డు ఎమినిటీస్ కార్యదర్శే దిక్కు. ఈ పోస్టుకు ఇంజినీరింగ్ డిప్లొమా ఉండాలి. 2019 జులైలో నోటిఫికేషన్, సెప్టెంబరులో రాతపరీక్ష, అక్టోబరులో నియామకం. సర్కారీ కొలువుల్లో ఇంత చురుకు అరుదే. ఆ చురుకు జీతం దగ్గరికొచ్చేసరికి చల్లబడింది: రెండేళ్ల ప్రొబేషన్, నెలకు 15,000 రూపాయలు. అంటే రోజుకు 500. కాంక్రీటులో సిమెంటు తగ్గిందని మేస్త్రీని గద్దించాల్సిన అధికారి రోజుజీతం కంటే ఆ మేస్త్రీ రోజుకూలీయే ఎక్కువ. గద్దింపులో పస ఎంతుంటుందో కాంట్రాక్టరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2021 అక్టోబరుకు రెండేళ్లూ నిండాయి, ప్రొబేషన్ ఫైలు మాత్రం కదలలేదు. చివరికి 22,460 రూపాయల మూలవేతనంతో స్కేలు 2022 జులై నుంచి దక్కింది. పని చిట్టాకు మాత్రం ఏ ప్రొబేషనూ అడ్డురాలేదు. 2024 జులై 1న పొద్దున్నే ఇంటింటికీ తిరిగి పింఛన్లు పంచిందీ ఈ కార్యదర్శులతో సహా వార్డు సచివాలయ సిబ్బందే. వేలిముద్ర పడని అవ్వ చేతిని తుడిచి మళ్లీ యంత్రం మీద పెట్టించడానికి డిప్లొమా ఎంతవరకు అక్కరకొచ్చిందో తేల్చేందుకు సర్వే పెడితే, ఆ సర్వేకు తిరగాల్సిందీ వారే.