గడప మీది బోర్డుకు టీకా తాత్పర్యం

అవతారిక. యాదగిరిగుట్ట కింది బజారులో ఒక బొమ్మల దుకాణం. ప్లాస్టిక్ బుల్డోజర్లు, స్వామివారి పటాలు, గాజులు, కుంకుమ, అగరుబత్తీలు. గల్లాపెట్టె వెనక గోడకు ఒక బోర్డు. నలుగురికీ కనబడే చోట పెట్టాలన్నది నియమం గనుక అక్కడ పెట్టారు. కనబడకుండా బుల్డోజర్లే అడ్డం వేలాడుతున్నాయి. పక్కకు జరిపి చదివి, "ఏందన్నా ఇది?" అని దుకాణదారును అడిగాను. "ఏమో సార్, మా లెక్కలాయన పెట్టుమన్నడు, పెట్టిన. లేకుంటే ఫైనంట," అన్నాడు. పెట్టినవాడికీ చదివినవాడికీ కూడా తెలియని వాక్యం కనబడితే వ్యాఖ్యాతకు చెయ్యి ఊరుకోదు. మన మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసును పూర్తి చేసి వెళ్లాడు. మాకు బోర్డులు మిగిలాయి.

మూలం. "కాంపోజిసన్ టాక్సబుల్ పర్సన్, నాట్ ఎలిజిబుల్ టు కలెక్ట్ టాక్స్ ఆన్ సప్లైస్."

పాఠభేదం. 2017 నాటి జీఎస్టీ నియమాల్లో అయిదోదాని ప్రకారం బోర్డు మీద మొదటి మూడు మాటలుంటే చాలు. మొత్తం వాక్యం ఉండాల్సింది రసీదు నెత్తిన. పెయింటరు ఉదారుడై అంతా ఇక్కడే రాసేశాడు. "సన్" అన్నది లేఖక దోషం. రాతప్రతి మీది గౌరవం కొద్దీ దిద్దలేదు.

ప్రతిపదార్థం. కాంపోజిషన్ = బళ్లో ఆవు మీద రాసిన వ్యాసం కాదు. రాజీ అని అర్థం. "ప్రతి బొమ్మకూ లెక్క చెప్పలేను, మొత్తం మీద ఇంత తీసుకోండి" అని వ్యాపారి, "సరే, కానీ" అని సర్కారు. పాత రోజుల్లో దీన్నే గుత్త అనేవాళ్లు.

టాక్సబుల్ = పన్నుకు చిక్కిన. ఎప్పుడు చిక్కును? తెలంగాణలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటినప్పుడు. అంటే రోజుకు దాదాపు 5,480 రూపాయల గల్లా. వస్తువులు మాత్రమే అమ్మేవాళ్లకు 2019 ఏప్రిల్ నుంచి చాలా రాష్ట్రాలు ఈ గడపను 40 లక్షల దగ్గరికి జరిపాయి. తెలంగాణ జరపలేదు. సాగర్ దాటి మాచర్లలో ఇవే బుల్డోజర్లు అమ్మే ఆయన 39 లక్షలు అమ్మినా బోర్డు అక్కర్లేదు. కృష్ణకు ఈవలి ఒడ్డున నల్లగొండాయన 21 లక్షలకే దొరికిపోతాడు.

గుట్ట కింద కూర్చుని గడప అన్న మాట రాశాక ఊరుకోవడం ఎవరి తరం? ఇంటి లోపలా కాదు, బయటా కాదు అని వరమడిగిన హిరణ్యకశిపుణ్ణి నరసింహుడు గడప మీద పట్టుకున్నాడు. కాంపోజిషన్ వ్యాపారి కూడా రిజిస్ట్రేషన్ లేనివాడిలా బయట లేడు. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకునే పూర్తి జీఎస్టీ వ్యాపారిలా లోపలా లేడు. గడప మీదున్నాడు. ఆ చోట ఉన్నవాడికి ఏం జరిగిందో ఆ దుకాణంలోని పటాలే చెబుతాయి.

పర్సన్ = మనిషి అనుకుంటే పొరపాటు. ఉమ్మడి కుటుంబం, కంపెనీ, సొసైటీ, ట్రస్టు కూడా చట్టానికి పర్సన్లే. ప్రతిష్ఠించిన దేవుడు కూడా మన న్యాయస్థానాల దృష్టిలో ఒక పర్సన్. కాబట్టి కొండ మీద ఒక పర్సన్, కొండ కింద ఒక పర్సన్. తేడా ఎక్కడో కింద చూడండి.

సప్లైస్ = అమ్మిన సరుకులు. ఇక్కడ శ్లేష ఉంది. లడ్డూ అన్న శబ్దం ఒకటే. గుడి ఇస్తే ప్రసాదం, పన్ను సున్నా. మిఠాయి కొట్టువాడు అదే శనగపిండితో, అదే నేతితో చేస్తే స్వీటు, దానికి 5 శాతం. అలాగే కుంకుమకూ గాజు గాజులకూ పన్ను లేదు. అగరుబత్తికి 5 శాతం. కానీ వినోదమేమంటే, 20 లక్షల గడప కొలిచేటప్పుడు పన్ను లేని కుంకుమను కూడా లెక్కలో కలుపుతారు, రాజీ కింద కట్టే 1 శాతం వేసేటప్పుడు తీసేస్తారు. కొలతకు పనికొచ్చిన కుంకుమ కోతకు పనికిరాదు. (ఇంత సున్నితమైన వ్యాకరణం పాణినికి తట్టిందో లేదో.)

అలంకారం. విరోధాభాసం. పన్ను కట్టవలసినవాడే, పన్ను వసూలు చేయరానివాడు.

శంక: వసూలు చేయనివాడు ఎక్కణ్నుంచి కడతాడు?

సమాధానం: గల్లాలోంచి. పన్ను ఉన్న సరుకు అమ్మకం మీద 1 శాతం, అందులో సగం ఢిల్లీకి, సగం హైదరాబాదుకు. పక్కనున్న టిఫిన్ సెంటరుదీ ఇదే మూలం, కాని ఫలం వేరు: 5 శాతం. రసీదు మీద పన్ను అని వేరే గీత గీయకూడదు. బుల్డోజర్ ధరలో కలుపుకుంటే ఎవరూ కాదనరు. పూర్వులు దీన్నే ధ్వని అన్నారు: చెప్పరు, తెలుస్తుంది.

తాత్పర్యం. ఏడాది అమ్మకం కోటిన్నర దాటనివాళ్లకే ఈ రాజీ. కావాలంటే కొత్త ఆర్థిక సంవత్సరం మొదలుకాకముందే చెప్పుకోవాలి. సరుకు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. మూడు నెలలకోసారి, తర్వాతి నెల 18లోపు పన్ను కట్టాలి. ఏడాది లెక్క జూన్ 30లోపు. మున్సిపాలిటీ లైసెన్సు, 1988 నాటి దుకాణాల చట్టం, ఏడాదికి 2,500 మించకూడదని రాజ్యాంగమే గిరిగీసిన వృత్తి పన్ను, ఇవన్నీ వేరే కాండలు. వాటికి వేరే వ్యాఖ్యాతలు పుట్టాలి.

నా తీర్పు చెబుతాను. రాజీ చెడ్డది కాదు. లెక్కలాయన నెల నెలా గుమ్మంలోకి రాకపోవడం చిన్న కొట్టుకు పెద్ద లాభమే. చెడ్డది బోర్డు. "పన్ను మేమే కడతాం, మీ దగ్గర విడిగా తీసుకోం" అని ఒక తెలుగు ముక్క కింద రాసుకుంటే ఏ చట్టమూ అడ్డురాదు. ఈ మాటే దుకాణదారుతో అన్నాను. ఆయన కాసేపు బోర్డు వైపు చూసి, "అంటే సార్, కట్టేది నేనని ఇంగ్లీషుల రాసిండ్రన్నమాట," అన్నాడు. ఇంతకన్నా మంచి అన్వయం నాకు రాదు.

పాఠకులకు ఒక మాట. ఈ బోర్డున్న కొట్టులో "జీఎస్టీ అదనం" అంటే ఇవ్వనక్కర్లేదు. రసీదు అడిగి తీసుకోండి. 200 రూపాయల లోపు సరుకుకు అడగకపోతే రసీదు ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు.